మోదుగాకు ఇస్తార్లకు రేటు ఎంత పెట్టాలె? 2.80కి అమ్మితే ఏం మిగుల్తలేదు

అడిగినవారు: నల్లమల ఆకు (అచ్చంపేట దగ్గర)

అందరికి నమస్తే. మా మహిళా సంఘం మోదుగాకు ఇస్తార్లు చేస్తున్నది. ఇండ్లల్ల కుట్టిన ఆకు తీసుకొని, కింద క్రాఫ్ట్ అట్ట పెట్టి, వేడి అచ్చుల ఒత్తి 12 అంగుళాల భోజనం ప్లేటు తీస్తున్నం. ఒక్క మెషిన్, ఇద్దరు మనుషులు, రోజుకు 1,500 ఒత్తుతరు.

ఒక్క ప్లేటుకు మా లెక్క ఇది: కుట్టిన ఆకు 90 పైసలు, అట్ట 55 పైసలు, కూలి 67 పైసలు (రోజుకు 500 చొప్పున ఇద్దరికి), కరెంటు 8 పైసలు, ప్యాకింగ్, ఆటో కలిపి 20 పైసలు. మొత్తం 2.40. హోల్‌సేల్‌గా 2.80కి ఇస్తున్నం. 40 పైసలు మిగలాలె గదా, సంఘం ఖాతాల మాత్రం కనబడుతలేవు.

పైకెల్లి క్యాటరింగోళ్లు "సిల్వర్ ప్లేటు 2 రూపాయలకే వస్తది, మీదెందుకు" అంటున్నరు. (మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్న కాగితం ప్లేటునే సిల్వర్ ప్లేటు అంటరు.) ప్లాస్టిక్ బందు అన్నరు గదా, మరి అవి ఎట్ల అమ్ముతున్నరు? పర్యావరణానికి మంచిదని రేటు పెంచి అడగొచ్చా, లేక తగ్గించి ఎక్కువ అమ్మాల్నా? జీఎస్టీ, సబ్సిడీ సంగతి కూడా తెలిసినోళ్లు చెప్పుండ్రి.

---

పద్దుల మనిషి (నల్లగొండ)

అక్కా, రేటు తర్వాత మాట్లాడుదాం, ముందు ఖర్చు సరిచేయాలె. మీ 2.40ల చేతినుంచి పైసలు పోయిన ఖర్చే ఉన్నది. పైసలు పోయినట్టు కనబడని ఖర్చులు రాలేదు.

మొదటిది ఆకు నిల్వ. మోదుగ మాఘం, ఫాల్గుణం నాటికి ఆకు రాల్చి పూతకొస్తది. కొత్త ఆకు వచ్చి ముదిరేదాకా కుట్టడానికి పనికిరాదు. పెండ్లిళ్లు ఎక్కువ ఉండేది సరిగ్గ అప్పుడే. అంటే వానకాలం చివర్ల, చలికాలంల కొన్న ఆకునే నాలుగు నెలలు దాచి వాడాలె. దాచిన దాంట్ల బూజు పట్టి, విరిగి పదోవంతు పోతదనుకుంటే 90 పైసల ఆకు 1 రూపాయి పడ్డట్టు. అప్పుడు ఒత్తే దాకా అయ్యే ఖర్చు (2.40ల ప్యాకింగ్ 20 పైసలు తీసేస్తే) 2.20 కాదు, 2.30.

రెండోది డ్యామేజీ. 1,500 ఒత్తితే 1,500 అమ్ముడుపోవు. అంచు పగిలినవి, పొర ఊడినవి, మాడినవి తీసేస్తే 8 శాతం పోతదని లెక్కేయండి, మీ దగ్గర ఎంతుందో వారం రోజులు పక్కకు పెట్టి లెక్కబెట్టండి. 2.30ని 0.92తో భాగిస్తే 2.50. చాలామంది 2.30కి 8 శాతం కలిపి ఊరుకుంటరు, అది తప్పు. పోయిన ప్లేటు ఖర్చును మిగిలిన ప్లేట్లే మోయాలె.

మూడోది మెషిన్. 1,80,000 మెషిన్‌కు 18 శాతం జీఎస్టీ కలిస్తే 2,12,400. ఏడాదికి 200 రోజులు, రోజుకు 1,380 మంచి ప్లేట్లు, ఐదేండ్లు అనుకుంటే ప్లేటుకు 15 పైసలు. ఆర్డర్లు లేక 100 రోజులే తిరిగితే అదే 31 పైసలు అయితది. హీటర్ కాలుడు, థర్మోస్టాట్, అచ్చు పాలిష్ ఇంకో 5 పైసలు.

నాలుగోది వడ్డీ. ఏడాదికి 12 శాతం అనుకుంటే, నాలుగు నెలలు దాచిన ఆకు మీద 4 శాతం, అంటే 4 పైసలు. క్యాటరింగోళ్లు నెలన్నరకు పైసలిస్తే మొత్తం సరుకు మీద ఇంకో 4 పైసలు.

కలపండి: 2.50, ప్యాకింగ్ 20 పైసలు, మెషిన్ 15, రిపేరు 5, వడ్డీ 8. మొత్తం 2.98. లెక్కలు రాసే మనిషి కూలి ఇందుల లేనే లేదు. మీరు 2.80కి అమ్మిన ప్రతి ప్లేటుకు 18 పైసలు పోగొట్టుకుంటున్నరు. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం, కాబట్టి "తగ్గించి ఎక్కువ అమ్ముడు" అనే మాట ఇక్కడ నడవదు.

అట్టతో ఉన్న ప్లేటు 3.40 కంటే తక్కువకు ఇయ్యకండి. 42 పైసలు మిగుల్తది, ఏడాదికి 2.76 లక్షల ప్లేట్ల మీద 1.16 లక్షలు.

ఇంకొక మాట. సబ్సిడీ వచ్చిందని మెషిన్ ఖర్చును లెక్కల నుంచి తీసేయొద్దు. ఐదేండ్ల తర్వాత కొత్త మెషిన్ కొనేటప్పుడు ఆ సబ్సిడీ మళ్లీ రాదు. మెషిన్ ఉచితం అనుకొని తక్కువ రేటు పెట్టిన యూనిట్లు మొదటి పెద్ద రిపేరు దగ్గర ఆగిపోతయి.

---

విందు వడ్డన (మహబూబ్‌నగర్)

పద్దులాయన చెప్పిన 3.40 సరైనదే, కానీ ఆ రేటు క్యాటరింగ్ కాంట్రాక్టర్ దగ్గరికి తీసుకపోతే పనికాదు. ఎందుకో చూడండి.

కాంట్రాక్టర్ తలకు 250 అని మొత్తం మాట్లాడుకుంటడు. అందుల ప్లేటు ఖర్చు ఆయన జేబులదే. మీ ప్లేటు 1.40 ఎక్కువైతే 500 మంది దావత్‌ల ఆయనకు 700 తగ్గుతది. ఆకు మంచిదా కాదా అన్నది ఆయనకు అక్కరలేదు. అదే పెండ్లివారికి చూస్తే 1,25,000 భోజనం ఖర్చుల 700 అంటే ఒక్క శాతం కూడా కాదు. కాబట్టి ముందు పెండ్లివారిని కలవండి. "ప్లేట్లు మాయి, వడ్డన మీది" అని పెండ్లివారే కాంట్రాక్టర్‌కు చెప్తే ఆయన ఆ 2 రూపాయలు తగ్గించుకుంటడు, ఆయనకు గొడవ లేదు. ఫంక్షన్ హాల్ బుకింగ్ దగ్గర నాలుగు శాంపిళ్లు, రేటు కాగితం పెట్టండి. పెండ్లి మాటలయ్యేది అక్కడనే.

విడిగా రేటు చెప్పకండి, సెట్టు చెప్పండి. 100 మందికి: ఇస్తార్లు 110, దొప్పలు 220 (ఒకటి స్వీటుకు, ఒకటి పెరుగుకు). పది శాతం ఎక్స్‌ట్రా తప్పకుండా పెట్టాలె, బంతి మధ్యల ప్లేట్లు అయిపోతే రెండోసారి మిమ్మల్ని పిలవరు. విప్పని కట్టలు వాపసు తీసుకుంటం అని చెప్పండి, విప్పినవి తీసుకోం అని కూడా ముందే చెప్పండి.

బఫే అయితే అట్ట ప్లేటే ఇయ్యండి. నిలబడి ఒక చేతిల పట్టుకునేటప్పుడు రెండు పొరల ఆకు మధ్యల వంగుతది, కూర మీద పడుతది. కూసొని తినే బంతికి మాత్రం అట్ట లేకుండ రెండు ఆకుల ప్లేటు చాలా బాగుంటది. దాని ఖర్చు వేరే: ఆకులు రెండు రూపాయలు అయితయి, మిగతావన్నీ కలుపుకుంటే 3.50 దాకా వస్తది, 4 రూపాయలకు అమ్మాలె. రెండు రకాలకూ ఒకే రేటు పెట్టకండి, ఖరీదైనదే ముందు అమ్ముడుపోయి నష్టపోతరు.

"పర్యావరణ హితం" అని రేటు పెంచొచ్చా అన్నరు. ఆ మాటకు పాలమూరుల 10 పైసలు కూడా ఎక్కువ రావు. "మన మోదుగాకు, వేడి అన్నం పెడితే వాసన వస్తది" అంటే వస్తయి.

---

రూల్స్ చదివేటోడు (జడ్చర్ల)

బందు సంగతి. కేంద్రం 2021 ఆగస్టు 12న ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలను సవరించింది, 2022 జులై 1 నుంచి అమలు. అందుల ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు ఉన్నయి. థర్మాకోల్‌వి కూడా. కానీ సిల్వర్ ప్లేటు అంటే కాగితం అట్ట మీద మెరిసే ప్లాస్టిక్ పొర. అది ఆ జాబితాల పేరు పెట్టి లేదు. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి బందు పెట్టినప్పుడు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం ప్లేట్లు, కప్పులు అని విడిగ రాసింది. కేంద్రం జాబితాల ఆ వరుస లేదు. అందుకే బందు తర్వాత థర్మాకోల్ కొనేటోడు ఆకు దగ్గరికి రాలేదు, సిల్వర్ దగ్గరికి పోయిండు. మీకు పోటీ పెంచింది ఒక రకంగ ఆ బందే.

ఇంకో అన్యాయం ఉన్నది. ఆ సిల్వర్ ప్లేటును కాగితం మిల్లు తీసుకోదు, ప్లాస్టిక్ కరగబెట్టేటోడు తీసుకోడు. దావత్ అయినంక పంచాయతీ ట్రాక్టరే డంపింగ్ యార్డుకు మోసుకపోవాలె. డీజిల్, సఫాయి కార్మికుని కూలి ఊరి పన్నుల నుంచి పోతయి, ప్లేటు రేటుల ఉండవు. కంపెనీల మీద 2022ల పెట్టిన ఈపీఆర్ బాధ్యత (తమ సరుకు చెత్తను తామే తీయించాలె అనుడు) ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కే. ప్లేటు ప్యాకేజింగ్ కాదు కాబట్టి దాని కిందికి రాదు. ఆ 2 రూపాయల రేటు తక్కువ కనబడుడు అందుకే. ఐర్లండ్‌ల 2002ల ప్లాస్టిక్ సంచి మీద 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం 90 శాతం దాకా పడిపోయింది. బందు పెట్టి చెకింగ్ చేసుడు కంటే కౌంటర్ దగ్గర కనబడే చిన్న పన్ను గట్టిగ పనిచేస్తదని నా అభిప్రాయం. సిల్వర్ ప్లేటు మీద రూపాయి పడితే మీకు సబ్సిడీనే అక్కరలేదు.

జీఎస్టీ. ఆకులు, పూలు, బెరడుతో చేసిన ప్లేట్లు, కప్పుల మీద 5 శాతం ఉండేది, 2019 సెప్టెంబర్ 20న గోవా కౌన్సిల్ మీటింగ్‌ల సున్నా చేసిండ్రు, అక్టోబర్ 1 నుంచి అమలు. వినడానికి మంచిగున్నది కానీ ఒక మెలిక. మీరు అమ్మేదాని మీద పన్ను లేదు కాబట్టి మెషిన్ మీద, అట్ట మీద కట్టిన జీఎస్టీ వాపసు రాదు. పద్దులాయన 2,12,400 మొత్తం ఖర్చుల వేసింది అందుకే. రిజిస్ట్రేషన్ హద్దు చాలా రాష్ట్రాల్ల సరుకులకు 40 లక్షలు, తెలంగాణల మాత్రం 20 లక్షలే. మీ టర్నోవర్ 3.40 లెక్కన 9.4 లక్షలు, దాని దగ్గరికే రాదు. పైగ అమ్మేదంతా పన్ను లేని సరుకే అయితే రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అట్ట పొర ఉన్న ప్లేటు ఏ వర్గం కిందికి వస్తదో మాత్రం ఆడిటర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి. బిల్లు మీద "మోదుగాకు ప్లేటు" అనే రాయాలె, "పేపర్ ప్లేటు" అని రాయకండి.

ప్యాకెట్ మీద ఏం రాయాలె. తయారీదారు పేరు, చిరునామా, ఎన్ని ప్లేట్లు, తయారైన నెల, ఏడాది, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబర్ ఉండాలె. "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్" అని ఊరికే కొట్టించకండి. 2024 అక్టోబర్ 15న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అట్లాంటి మాటకు ఆధారం చూపాలె. "మోదుగాకు, క్రాఫ్ట్ అట్ట, మైదా జిగురు. ప్లాస్టిక్ లేదు" అని రాయండి, దాన్ని ఎవడూ కాదనలేడు. కుట్టేది పాలిస్టర్ దారంతో అయితే మాత్రం అది కూడా అబద్ధమే.

ఉద్యమ్ (కేంద్రం చిన్న యూనిట్లకు ఇచ్చే) రిజిస్ట్రేషన్ చేసుకోండి, ఉచితం, ఆన్‌లైన్‌ల అయితది. దానితోటి పైసలు వసూలుకు బలం వస్తది. రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్ల, లేకుంటే 15 రోజుల్ల కొన్నోడు కట్టాలె. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పైగ 2024 ఏప్రిల్ నుంచి గడువుల కట్టని బిల్లును కొన్నోడు ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల అప్పుడు ఖర్చు కింద చూపుకోలేడు. పెద్ద క్యాటరర్ల ఆడిటర్లకు ఇది బాగా తెలుసు, కాబట్టి బిల్లు కింద ఉద్యమ్ నంబర్ కొట్టించండి చాలు.

సబ్సిడీ. పీఎంఈజీపీల (సొంతంగ యూనిట్ పెట్టేటోళ్లకు కేంద్రం సబ్సిడీ పథకం) గ్రామీణ మహిళలకు 35 శాతం, సొంత వాటా 5 శాతం. ఆ 35 శాతం చేతికి రాదు, బ్యాంకుల మూడేండ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పుల జమైతది. నాకు ఈ పద్ధతే నచ్చదు. మెషిన్ కొనుడుకు పైసలిస్తే ఒక్క మండలంల పది మెషిన్లు వస్తయి, అందరూ అదే మోదుగాకు కోసం పోటీపడి ఆకు రేటు పెంచుతరు, అదే ప్లేటును తగ్గించి అమ్ముతరు. ఇచ్చేదేదో కొనుగోలు దగ్గర ఇయ్యాలె. గుడి అన్నదానం, జాతర, సర్కారు మీటింగ్ భోజనం అన్నిటికీ ఆకు ప్లేటే కొనాలె అని ఆర్డర్ ఉంటే మీ మెషిన్ 100 రోజులకు బదులు 200 రోజులు తిరుగుతది. ప్లేటుకు 16 పైసలు అక్కడనే తగ్గుతది.

---

స్టీల్ గిన్నె (వనపర్తి)

ఎవరూ అనట్లేదు కాబట్టి నేను అంటున్న. హాస్టల్, మీటింగ్, ఊర్ల చిన్న దావత్‌లకు ఆకు ప్లేటు కంటే కడిగి వాడే స్టీల్ ప్లేటే నయం, చౌక కూడా. సిద్దిపేట దిక్కు ఊర్లల్ల స్టీల్ బ్యాంకులు పెట్టిండ్రు, సంఘాలే నడుపుతయి. సర్కారు మీద ఆశ పెట్టుకొని రెండో మెషిన్ కొనకండి, రేపు మీ ఊర్లనే స్టీల్ బ్యాంకు వస్తే ఆ ఆర్డర్లు పోతయి.

---

రూల్స్ చదివేటోడు (జడ్చర్ల)

నిజమే, ఒప్పుకుంట. అందుకే నీళ్లు లేని చోటు, కడిగే జాగ లేని చోటు పట్టుకోవాలె. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, దీపావళి తర్వాత కురుమూర్తి, మాఘంల చెర్వుగట్టు. అడవిల అయితే పదివేల మందికి స్టీల్ ప్లేట్లు ఎవరు కడుగుతరు? దాతల అన్నదానాలు నడిపేటోళ్లను, దేవాదాయ శాఖ ఈవోలను రెండు నెలల ముందే శాంపిల్‌తో కలవండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల ఆకు కోయడానికి మాత్రం అటవీ శాఖతోటి, గ్రామసభ హక్కు పత్రంతోటి తేల్చుకోండి. పొలం గట్ల మీద, పట్టా భూముల్ల మోదుగ ఉంటే ఆ గొడవే లేదు.

---

నల్లమల ఆకు

ఇంత వివరంగ చెప్పినందుకు అందరికి దండాలు. మా డ్యామేజీ 8 కాదు, 11 దాకా ఉంటది అనిపిస్తున్నది. అంచు పగులుడు, రెండు పొరలు ఊడుడు ఎక్కువ. వానకాలంల కట్టల లోపల నల్ల మచ్చలు. పోక మట్ట ప్లేట్లకు మారితే మంచిదా?

---

అచ్చు మెషిన్ (దేవరకొండ)

పోక మట్టకు మారకు చెల్లె. పోక మన దిక్కు లేదు, మట్టలు కర్ణాటక నుంచి రావాలె. లారీ కిరాయి, దార్ల బూజు మీ మీదనే పడుతయి. ఎగుమతి చేసి పైసలు చేసుకుందాం అనుకునేటోళ్లకు కూడా 2025ల అమెరికా ఎఫ్‌డీఏ (ఆహారం, మందులు చూసే సర్కారు సంస్థ) అడ్డుపడ్డది, పోక మట్టల ఉండే ఆల్కలాయిడ్లు అనే హానిచేసే రసాయనాలు అన్నంలకు దిగుతయని.

అంచు పగులుడు అంటే ఆకు ఎండిపోయింది. రేపు ఒత్తే ఆకు మీద ఈ రాత్రి నీళ్లు చల్లి, తడి గోనె సంచి కప్పి పెట్టండి. పొద్దున ఒక ఆకు మడిచి చూడండి: చప్పుడు రాకుండ మడవాలె, వేలికి తడి అంటొద్దు. చప్పుడొస్తే ఇంకా చల్లాలె. తడి అంటితే నీడల అరగంట ఆరబెట్టాలె, లేకుంటే అచ్చుల ఆవిరి పట్టి బుడగలు వస్తయి.

పొరలు ఊడుడు జిగురు సంగతి. లీటరు నీళ్లకు 100 గ్రాముల మైదా, ఉండలు లేకుండ కలిపి ఉడికించాలె. బ్రష్‌తో అట్ట మీద పల్చగ, అంచు దాకా పూయాలె. నడుమ మందంగ పూసి అంచు వదిలేస్తే ఊడేది అంచే. ఏ రోజుది ఆ రోజే చేయండి, మిగిలింది తెల్లారికి పులిసి వాసన వస్తది, పట్టు కూడా ఉండదు. అట్ట కొత్త క్రాఫ్ట్ అయి ఉండాలె. పాత పేపర్లతో చేసిన బూడిదరంగు అట్ట చౌకగ వస్తది, దాని మీద అన్నం పెట్టొద్దు.

వేడి ఎంత పెట్టాలె అన్నది ఒక్కో అచ్చుకు ఒక్కో తీరు. 70 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 5 చొప్పున పెంచుకుంట పోండి. అంచు గోధుమరంగు తిరిగిన చోట ఆపి ఒక మెట్టు వెనక్కి రండి, ఆ అంకె గోడ మీద రాసిపెట్టండి. పొద్దున మొదటి ఇరవై ప్లేట్లు సరిగ రాకపోతే మెషిన్ తప్పు కాదు, అచ్చు పూర్తిగ వేడెక్కలేదు. ముందు పావుగంట ఖాళీగ వేడెక్కనియ్యండి.

నల్ల మచ్చలకు కారణం వేడి ప్లేట్లను వెంటనే కట్ట కట్టుడే. లోపల చెమట పట్టి బూజు వస్తది. ఒత్తినంక గంట సేపు నీడల పరిచి, పూర్తిగ చల్లారినంక 50 చొప్పున కట్టండి. వానకాలం కట్టలను నేల మీద పెట్టకుండ చెక్క మీద, గోడకు జానెడు దూరంల పెట్టాలె.

ఊరుడు పరీక్ష రోజుకు ఐదు ప్లేట్లకు చేయండి: కింద పాత పేపర్ పరిచి, ప్లేటుల వేడి పప్పుచారు పోసి 20 నిమిషాలు వదిలేయాలె. పేపర్ తడిస్తే కుట్టిన దగ్గర ఆకు మీద ఆకు అరంగుళం ఎక్కలేదన్నట్టు. ఆ కట్ట ఎవరింటి నుంచి వచ్చిందో చూసి వాళ్లకు చెప్పండి. అందుకే ఇంటింటి ఆకు కలిపేయకుండ విడిగ పెట్టుకోవాలె. కుట్టిన పుల్ల మొన బయటికి పొడుచుకొస్తే ఆ ప్లేటు కూడా పక్కకే.

పద్దులాయన లెక్క ప్రకారమే చూస్తే, 11 శాతంతోటి ఒత్తిన ఖర్చు 2.58 దాకా పోతది. 4 శాతానికి తెస్తే 2.40. ప్లేటుకు 18 పైసలు, ఏడాదికి 50 వేలు దాటుతది. రేటు పెంచే ముందు ఒక్క నెల ఇది చేసి, అప్పుడు 3.40 కాగితం కొట్టించండి.